ఇంటి నేరేడు వెనిగర్ - 2వ పాఠం: పిండకుండా రసం తీయడం

ఈ పాఠానికి మిక్సీ బయటికి తీయకండి. నేరేడు రసం అనగానే గింజలు తీసి, జార్లో వేసి తిప్పేద్దామనే అనిపిస్తుంది. తిప్పితే రసం వచ్చే మాట నిజమే, దాంతోపాటు తొక్కలో ఉన్న వగరంతా, గుజ్జులో ఉన్న జిగటంతా వచ్చేస్తుంది. షర్బత్తుకైతే చక్కెర దట్టించి ఆ వగరును కప్పెట్టొచ్చు. వెనిగర్‌కి ఆ వెసులుబాటు లేదు. పులిసేకొద్దీ తీపంతా పోతుంది, వగరు మాత్రం ఎక్కడికీ పోదు. అందుకని పండు తనంతట తాను రసం వదిలేలా చేసుకోవాలి.

ముందు పండు సంగతి. నేరేడు కోశాక మగ్గదు. మామిడికాయలా గడ్డిలో పెట్టి పండించుకునేది కాదు. ఎర్రగా ఉన్నప్పుడు కోస్తే ఎర్రగానే వడలిపోతుంది. నల్లగా నిగనిగలాడుతూ, వేలితో నొక్కితే మెత్తగా ఉన్నదే తీసుకోండి. చిట్టి నేరేడులో గింజే ఎక్కువ, అల్లనేరేడు అయితే శ్రమకు ఫలితం ఉంటుంది. చెట్టు కింద పాత చీర పరిచి, గడకర్రతో కొమ్మను మెల్లగా ఊపండి. నేరేడు కొమ్మ పెళుసు, పిల్లల్ని ఎక్కించొద్దు.

కోసిన పూటే పని మొదలుపెట్టాలి. తెలంగాణ వైపు మృగశిర కార్తెకు నేల చల్లబడుతుందేమో గానీ, మన ఒంగోలు, నెల్లూరు ప్రాంతాలకు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో. నేరేడు పండే జూన్‌లో మనకింకా గాడ్పులే. పొద్దున కోసిన పండ్లను గంపలో వదిలేస్తే సాయంత్రానికి పులిసిన వాసన వస్తుంది. మనకు కావాల్సింది పులుపే కదా అంటారేమో. ఆ పులుపు ఏ సూక్ష్మజీవి పుణ్యమో తెలియదు. మనం పులియబెట్టేది ఎంచుకున్న ఈస్టుతో.

పెద్ద బేసిన్‌లో నీళ్ళు పోసి, గుప్పెడు కల్లుప్పు వేసి, పండ్లను పావుగంట నాననివ్వండి. లోపల పురుగులుంటే బయటికొస్తాయి. తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు కడగాలి, ఉప్పు మిగిలితే ఈస్టుకు పడదు. పండును రెండు బొటనవేళ్ళతో నొక్కి విడదీస్తే గింజ ఊడొస్తుంది. గింజకు అంటుకున్న గుజ్జును గోకకండి. స్టీలు గిన్నె గానీ, గాజు గిన్నె గానీ వాడండి. ఇనుప కత్తి, ఇనుప బాణలి దగ్గరికి రానివ్వొద్దు. నేరేడులోని టానిన్లు, అంటే వగరునిచ్చే పదార్థాలు, ఇనుముతో కలిస్తే సిరా తయారైనట్టే, రసం నల్లబడి లోహపు రుచి వస్తుంది. గింజలు ఎండబెట్టి పొడి చేసి షుగరుకు వాడేవాళ్ళున్నారు. అది వైద్యుల్ని అడగాల్సిన విషయం, ఈ పాఠంలోది కాదు.

ఇప్పుడు అసలు కిటుకు. ముక్కల్ని ప్లాస్టిక్ కవర్లో పలచగా పరిచి, ఒక రాత్రీ ఒక పగలూ ఫ్రీజర్లో పెట్టండి. నీరు ఐసయ్యేటప్పుడు ఉబ్బుతుంది. ఆ ఐసు పలుకులు పండు కణాల గోడల్ని లోపలి నుంచే చీల్చేస్తాయి. కంపెనీలవాళ్ళు పండు ఆకారం చెడకుండా క్షణాల్లో గడ్డకట్టిస్తారు. మనకు కావాల్సింది ఆకారం చెడడమే, కాబట్టి ఇంటి ఫ్రిజ్ నిదానమే మేలు. మధ్యలో కరెంటు పోయి సగం కరిగి మళ్ళీ గడ్డకట్టినా కంగారు పడొద్దు. బయటికి తీసిన రాత్రే వాడేసేటట్టయితే దానివల్ల రసం ఇంకాస్త తేలిగ్గా దిగుతుంది.

రాత్రి తొమ్మిదింటికి బయటికి తీసి, గిన్నెలో వేసి, కిలో పండ్లకు 50 గ్రాముల లెక్కన పంచదార చల్లి మూత పెట్టండి. చక్కెర ఆ చీలికల గుండా నీటిని బయటికి లాగుతుంది. కరుగుతున్నప్పుడు ఒకసారి మూత తీసి చూడండి. ముక్కలు ముడుచుకుపోయి, తొక్క పలచటి కాగితంలా మారి, గిన్నె అడుగున ముదురు ఊదారంగు రసం చేరుతూ ఉంటుంది. పూర్తిగా కరిగాక పాత నూలు పంచె ముక్కను వేడినీళ్ళలో ఉడికించి పిండి, అందులో పోసి మూటగట్టి వేలాడదీయండి. వంటింట్లో ఉక్కగా ఉంటే మూటను జల్లెడలో పెట్టి, కింద గిన్నెతో సహా ఫ్రిజ్‌లోకి తోసేయండి.

మూటను పిండకండి. చెయ్యి ఊరుకోదు, తెలుసు. పిండాలనిపిస్తే ముందు దిగిన రసం తీసి పక్కన పెట్టుకుని, ఆ తర్వాత వేరే గిన్నెలోకి పిండండి. రెండూ గాజు గ్లాసుల్లో పోసి వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. మొదటిది తేటగా ఉంటుంది, రెండోది మబ్బుగా ఉంటుంది. ఆ రెండోది షర్బత్తుకు. మూటలో మిగిలిన పిప్పి మీద కాచి చల్లార్చిన నీళ్ళు ఒక గ్లాసు పోసి, దిగిన నీటిని విడిగా దాచండి. దానితో పని ఉంది.

కిలో పండ్లకు అర లీటరు తేట రసం వస్తే బాగా వచ్చినట్టే. హైడ్రోమీటర్ (రసంలో తేలుతూ, నీటితో పోల్చి చక్కెర వల్ల రసం ఎంత చిక్కగా ఉందో చెప్పే గాజు గొట్టం; మంచినీళ్ళకు 1.000) వేసి చూస్తే 1.060 నుంచి 1.080 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, చెట్టును బట్టి. వెనిగర్‌కి 1.050 చాలు. దాచిన పిప్పినీళ్ళు కొద్దికొద్దిగా కలుపుతూ అక్కడికి దించండి. చాలా హైడ్రోమీటర్ల మీద 20 డిగ్రీలని రాసి ఉంటుంది, అంటే ఆ వేడి దగ్గరే సరిగ్గా చూపిస్తుందని. రసం 30 డిగ్రీలుంటే అసలు కంటే రెండు మూడు పాయింట్లు (0.002, 0.003) తక్కువ చూపిస్తుంది, అది కలుపుకుని చదవండి.

రసాన్ని కాచమని కొందరు చెప్తారు. కాస్తే రంగు బాగా దిగుతుంది, నిజమే, కానీ పెక్టిన్, అంటే పండులోని జిగురు పదార్థం, కూడా కరిగి రసంలోకి వస్తుంది. ఆ మబ్బు తర్వాత ఎన్నిసార్లు వడకట్టినా ఒక పట్టాన విడవదు. నిల్వ ఉండాలని సోడియం బెంజోయేట్ లాంటివి కూడా కలపొద్దు. వాటి పనే ఈస్టును ఆపడం.

రసాన్ని సీసాలో ముప్పావు వంతు పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజులు ఆగుతుంది. ఈలోపు బేకరీ సామాన్ల దుకాణంలో పొడి ఈస్టు పొట్లం ఒకటి కొనుక్కోండి, మీద గడువు తేదీ చూసి మరీ. మూడో పాఠం దానితోనే మొదలు.