రేపు ప్రభువు బల్ల ఉందా? సిద్ధపడటం ఎలా, తీసుకోవడం ఎలా

కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు, చాలా ఏళ్ళు చర్చికి దూరంగా ఉండి మళ్ళీ వస్తున్నవాళ్ళు, పెళ్ళయ్యి అత్తగారి సంఘంలోకి వెళ్ళిన ఆడపిల్లలు, వీళ్ళందరికీ ఒకటే డౌటు. బల్లలో, అంటే చర్చిలో యేసు మరణాన్ని గుర్తు చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారంలో, పాలుపొందాలంటే ఏం చెయ్యాలి, నాకు అర్హత ఉందా, తెలీక తీసుకుంటే ఏమైనా అవుతుందా అని. ఆ భయంతోనే నెలలు నెలలు బల్ల టైముకి లేచి బయటికి వెళ్ళిపోయేవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉంటారు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు అసలు విషయం. యేసుప్రభువు సిలువకి ముందు రాత్రి శిష్యులతో కూర్చున్నది పస్కా భోజనానికి. ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైన రాత్రిని గుర్తు చేసుకుంటూ యూదులు తినే భోజనం అది, గొర్రెపిల్ల మాంసం, పులియని రొట్టె, చేదుకూరలు, నిర్గమకాండం 12లో మొత్తం ఉంటుంది. ఆ భోజనంలోని రొట్టెనే ఆయన తీసుకుని విరిచి ఇది నా శరీరం అన్నాడు, పాత్ర పట్టుకుని ఇది నా రక్తంవలననైన కొత్త నిబంధన అన్నాడు, "నన్ను జ్ఞాపకము చేసికొనుటకు దీనిని చేయుడి" అన్నాడు. అంటే బల్ల దగ్గర మనం వెనక్కి చూస్తాం, సిలువ వైపు. ముందుకి కూడా చూస్తాం, ఎందుకంటే "ప్రభువు వచ్చు వరకు" ఆయన మరణాన్ని ప్రచురిస్తున్నాం అని, తొలి సంఘాలకి ఉత్తరాలు రాసిన పౌలు అన్నాడు. మూడోది మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేది, పక్కకి చూడటం. రొట్టె ఒక్కటే కాబట్టి అందులో పాలుపొందే మనమంతా ఒకే శరీరం అని పౌలు కొరింథు ఊరి సంఘానికి రాసిన ఉత్తరం, మొదటి కొరింథీయులు 10లో ఉంది కదా, పక్క బెంచీలో కూర్చున్న మనిషి కూడా అందులో భాగమే మరి.

రొట్టె నిజంగా శరీరం అవుతుందా అనే దాని మీద సంఘాలు ఒక మాట మీద లేవు. రొట్టె, ద్రాక్షారసం నిజంగానే క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని కథోలికులు నమ్ముతారు, అందుకే దాన్ని దివ్యసత్ప్రసాదం అంటారు. లూథరన్లు రొట్టె రొట్టెగానే ఉంటుంది కానీ దానితోపాటు ప్రభువు శరీరం నిజంగా అక్కడ ఉంది అంటారు. బాప్టిస్టులు, బ్రదరన్ వాళ్ళు ఎక్కువగా జ్ఞాపకార్థం అనే అంటారు. 1529లో జర్మనీలోని మార్బుర్గ్‌లో లూథరన్ సంఘాలకి మూలమైన లూథర్, జ్ఞాపకార్థమే అనే స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ ఇదే విషయం మీద కూర్చుని వాదించుకున్నారు, లూథర్ అయితే "ఇది నా శరీరం" అన్న మాటని ముందున్న టేబుల్ మీద సుద్దతో రాసి మరీ పట్టుబట్టాడు, మిగతా చాలా విషయాల్లో ఒప్పుకున్నారు గానీ ఇక్కడ మాత్రం కుదరలేదు. వాళ్ళకే తేలనిది మనం వాట్సాప్ గ్రూపులో తేల్చలేం కాబట్టి మీ సంఘం ఏం బోధిస్తుందో పాస్టరుగారినో ఫాదర్‌గారినో అడిగి తెలుసుకోండి చాలు.

ఇప్పుడు సిద్ధపాటు. శనివారం రాత్రి ఫోన్ పక్కన పెట్టేసి మొదటి కొరింథీయులు 11 తెరవండి, అందరూ చదివినట్టు 23వ వచనం నుంచి కాకుండా 17 నుంచి చదవండి. నేనిచ్చే సలహాల్లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ఆదివారం మనకి వినిపించేది ఎక్కువగా 23 నుంచే, దాంతో అయోగ్యంగా తింటే శిక్ష అన్న మాట ఒక్కటే చెవిలో మిగిలిపోయి జనం హడలిపోతారు. పైనుంచి చదివితే కొరింథులో ఏం జరిగిందో తెలుస్తుంది, కలిసి భోజనానికి వచ్చి ఎవరి భోజనం వాళ్ళు ముందే లాగించేసేవాళ్ళు, ఒకడు ఆకలితో కూర్చుంటే ఇంకొకడు తాగి మత్తులో ఉండేవాడు. "దేవుని సంఘమును తిరస్కరించి పేదలను సిగ్గుపరచుదురా?" అని పౌలు కోప్పడింది దానికి. మనసులో ఏదో చెడ్డ ఆలోచన వచ్చిన బలహీన విశ్వాసిని బెదిరించడానికి రాసిన మాటలు కావు అవి. ఇంకోటి, అదే అధ్యాయంలో మనిషి "తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అని ఉంది. పరీక్షించుకుని తినమన్నాడు, పరీక్షించుకుని ఇంటికి పొమ్మనలేదు.

మన దేశంలో కూడా కొరింథు జరిగింది. తమిళనాడు సంఘాల్లో కులాన్ని బట్టి వేరువేరుగా కూర్చోవడం, ఆ వరసలోనే బల్ల తీసుకోవడం ఉండేది, 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ అది ఆగిపోవాల్సిందే అని ఆర్డర్ వేస్తే చాలామంది ఒప్పుకోక సంఘమే విడిచి వెళ్ళిపోయారు. పాత కథే అనుకోవచ్చు, కానీ మన ఊళ్ళో ఒక కప్పు ఎవరి తర్వాత ఎవరు తాగుతారు అని లోపల లెక్కలు వేసుకునేవాళ్ళు లేరని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలమా?

కాబట్టి పరీక్షించుకోవడం అంటే పాపాల లిస్టు రాసుకోవడంతో ఆపెయ్యకండి. దాచుకున్నది ప్రభువు దగ్గర ఒప్పుకోండి, ఆ తర్వాత ఎవరితో మాటల్లేవో చూసుకోండి. తోటికోడలితో మాట్లాడి ఆరు నెలలైందా, పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు ఎడమొహం పెడమొహంగా ఉన్నారా, చర్చి కమిటీ ఎలక్షన్లో తిట్టుకున్నారా, ఆ రాత్రే ఫోన్ చెయ్యండి. మత్తయి 5:23, 24లో అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు కదా. వాళ్ళు ఫోన్ ఎత్తకపోతే? "మీ చేతనైనంత మట్టుకు" అని రోమా 12:18లో ఉంది, మీ వంతు మీరు చేశారు, ఇంక బల్లకి రండి.

ఉపవాసం సంగతి సంఘాన్ని బట్టి ఉంటుంది. కథోలికులకి సత్ప్రసాదం తీసుకునే ముందు గంటసేపు ఏమీ తినకూడదు, నీళ్ళు, మందులు పర్వాలేదు. మిగతా సంఘాల్లో పరగడుపున రావడం చాలామందికి అలవాటు, మంచిదే, కానీ షుగర్ పేషెంట్లు టిఫిన్ చేసి టాబ్లెట్ వేసుకునే రండి. నెలసరి టైములో బల్ల తీసుకోకూడదని పెద్దవాళ్ళు అంటూ ఉంటారు, కొత్త నిబంధనలో అలాంటి రూల్ ఎక్కడా లేదు.

ఎవరు తీసుకోవచ్చు అంటే, సీఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘం) మామూలుగా కన్ఫర్మేషన్ (తన విశ్వాసాన్ని సంఘం ముందు తానే ఒప్పుకోవడం) అయినవాళ్ళు, బాప్టిస్టు సంఘాల్లో నీటి బాప్తిస్మం పొందినవాళ్ళు, కథోలిక గుడిలో కథోలికులు మాత్రమే. బ్రదరన్ అసెంబ్లీకి వేరే ఊరి నుంచి వెళ్తే మీ సంఘం నుంచి పరిచయ పత్రిక పట్టుకెళ్ళండి, చాలాచోట్ల అడుగుతారు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో కొత్త చర్చికి వెళ్ళినా ఆరాధన మొదలవ్వకముందే అడిగేస్తే ఇబ్బంది ఉండదు.

తీసుకునేటప్పుడు కంగారేం వద్దు. సీఎస్ఐ, లూథరన్ చర్చిల్లో ముందుకెళ్ళి రెయిలింగ్ దగ్గర మోకాళ్ళూని అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి చాపితే వేఫర్ (పలచని చిన్న రొట్టె బిళ్ళ) పెడతారు. కొన్నిచోట్ల చిన్న కప్పుల ట్రే బెంచీల దగ్గరికే వస్తుంది, అప్పుడు అందరికీ అందేదాకా చేతిలో పట్టుకుని ఆగండి. బ్రదరన్ వాళ్ళ దగ్గర ఒకే రొట్టె చేతులు మారుతూ వస్తుంది, కాస్త తుంచుకుని పక్కవాళ్ళకి ఇవ్వాలి. కథోలిక గుడిలో గురువు "క్రీస్తు శరీరం" అంటే "ఆమెన్" అనాలి.

బల్ల సిద్ధం చేసే పని మీకు అప్పగిస్తే, మైదాపిండి నీళ్ళతో కలిపి ఈస్ట్ వెయ్యకుండా పలచగా ఒత్తి నూనె లేకుండా కాల్చండి. రసానికి నల్లద్రాక్ష కడిగి కొంచెం నీళ్ళలో ఉడికించి మెదిపి పలచని గుడ్డలో వడగట్టి చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి, ముందు రోజు చేస్తే చాలు, ఎక్కువ రోజులు బయట ఉంచితే పులుస్తుంది. పులవకుండా ద్రాక్షరసాన్ని వేడిచేసి నిల్వ ఉంచడం 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు డెంటిస్టు మొదలుపెట్టాడు, అదీ చర్చి బల్ల కోసమే. కథోలికులకి మాత్రం గోధుమ రొట్టె, అసలైన ద్రాక్షారసమే ఉండాలి, అది గుడివాళ్ళే చూసుకుంటారు.

ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళుంటే వాళ్ళని మర్చిపోవద్దు, అడిగితే పాస్టరుగారు ఇంటికొచ్చి ఇస్తారు. మంచం పక్కన చిన్న స్టూలు మీద ఉతికిన గుడ్డ పరిచి, గ్లాసుతో నీళ్ళు పెట్టి ఉంచండి, మింగడం కష్టమైతే రొట్టె ముక్క చిన్నగా తుంచి రసంలో ముంచి పెట్టమని చెప్పండి. ఇంట్లో ఇంకెవరెవరు తీసుకుంటారో కూడా ముందే ఫోన్లో చెబితే ఆయన సరిపడా కప్పులు తెచ్చుకుంటారు.