మలబద్ధకం – మూడో పాఠం: పిలుపు, పీట, ఊపిరి

గత పాఠంలో మొదలుపెట్టమన్న నోటు పుస్తకాన్ని చేతిలోకి తీసుకోండి. రెండు వారాలపాటు మీరు నింపిన గడులు అందులో ఉంటాయి: ఎన్ని గంటలకు వెళ్లారు, మలం ఏ రకంగా ఉంది, ఎంత ముక్కవలసి వచ్చింది, పూర్తిగా అయిందనిపించిందా. నింపనివాళ్లు ఈ పాఠం చదవవచ్చు గానీ, సాధన మాత్రం పుస్తకం నిండాకే మొదలుపెట్టండి. ఈరోజు చేయబోయే మొదటి పని ఆ పుస్తకాన్ని చదవడమే.

ముందు రకాల గడిలో వేసిన అంకెలు చూడండి. 1997లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగర వైద్యులు ప్రచురించిన కొలమానంలో ఏడు రకాలున్నాయని చెప్పుకున్నాం. 1 అంటే మేకపెంటికల్లాంటి విడి ఉండలు. 2 అంటే ఆ ఉండలే అతుక్కుని గట్టిపడిన ముద్ద. పగుళ్లతో గానీ నున్నగా మెత్తగా గానీ కడ్డీలా వచ్చే 3, 4 మనకు కావలసినవి. మీ పుస్తకంలో ఎక్కువగా 1, 2 ఉండి, మధ్యలో మూడు నాలుగు రోజులు ఖాళీగా పోతుంటే, మలం పెద్దపేగులో చాలా నెమ్మదిగా నడుస్తోందని అనుకోవచ్చు. అలా కాక, 3 లేదా 4 ఉన్న రోజున కూడా గట్టిగా ముక్కవలసి వస్తూ, లేచాక ఇంకా ఏదో మిగిలిపోయినట్టు అనిపిస్తుంటే, చిక్కు నడకలో లేదు, గుమ్మం దగ్గర, అంటే మలద్వారం దగ్గర ఉంది. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి.

ఈ తేడా తెలియక ఎంతమంది ఏళ్ల తరబడి బాధపడుతున్నారో తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. గుమ్మం మూసుకుని ఉంటే లోపల సరుకు పెంచి ప్రయోజనం లేదు. అలాంటివారు పీచు పెంచుకుంటూ పోతే పొట్ట ఉబ్బరం తప్ప ఏమీ మిగలదు. అందుకే ఆహారం పాఠాన్ని వెనక్కి జరిపి ఈ పాఠాన్ని ముందు పెట్టాను. మల విసర్జన ఒక నైపుణ్యం. చిన్నప్పుడు తెలియకుండానే నేర్చుకున్నాం, తెలియకుండానే పాడుచేసుకున్నాం, ఇప్పుడు తెలిసి మళ్లీ నేర్చుకోవచ్చు.

ముందుగా పిలుపు సంగతి. పెద్దపేగు చివర ఉండే పురీషనాళం చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. పై నుంచి మలం అందులోకి జారినప్పుడు దాని గోడ సాగుతుంది. ఆ సాగడమే మనకు పిలుపుగా తెలుస్తుంది. అదే క్షణంలో మలద్వారం దగ్గరున్న రెండు కండర వలయాల్లో లోపలిది దానంతట అదే సడలుతుంది. దాని మీద మనకు అదుపు లేదు. బయటి వలయం మాత్రం మన మాట వింటుంది. ఇప్పుడు కుదరదనుకుంటే దాన్ని బిగిస్తాం. కొన్ని నిమిషాల్లో పిలుపు చల్లారిపోతుంది.

చల్లారిందంటే పని తప్పిందని కాదు. మలం అక్కడే ఉంటుంది, లేదా కాస్త వెనక్కి జరుగుతుంది. పెద్దపేగు తన పని తాను చేసుకుపోతుంది. రోజుకు సుమారు లీటరున్నర ద్రవం చిన్నపేగు నుంచి అందులోకి చేరితే, మలంతో బయటికి పోయేది నూరు నుంచి రెండు వందల మిల్లీలీటర్లే. మిగిలినదంతా పెద్దపేగు పీల్చుకుంటుంది. ఆపుకున్న ప్రతి గంటా మలం ఇంకాస్త ఎండుతుంది. మరునాడు అది బయటికి వచ్చేటప్పుడు నొప్పి పెడుతుంది. నొప్పికి భయపడి మళ్లీ ఆపుకుంటాం. పిల్లల్లో అయితే చాలాసార్లు కథంతా ఇలాంటి ఒక్క నొప్పితోనే మొదలవుతుంది. పిల్లవాడు కాళ్లు బిగించి, మూలకు చేరి నిలబడితే వెళ్లడానికి ప్రయత్నిస్తున్నాడని పెద్దలు అనుకుంటారు. నిజానికి వాడు ఆపుకుంటున్నాడు. దయచేసి వాణ్ణి తిట్టకండి.

నేను పదేళ్లకు పైగా తరగతి మధ్యలో వచ్చిన పిలుపును గంట కొట్టేదాకా ఆపుకున్నాను. చివరికి పిలుపు రావడమే మానేసింది. ఏళ్లపాటు ఆపుకుంటే పురీషనాళం సాగడానికి అలవాటుపడుతుంది, ఎక్కువ మలం చేరితే తప్ప కబురు పంపదు. అది తిరిగి రావడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. కాబట్టి మొదటి వారంలోనే ఏమీ జరగలేదని ఈ సాధన వదిలేయకండి.

పిలుపును తిరిగి రప్పించడానికి శరీరం సొంత వేళల్ని పట్టుకోవాలి. నిద్రలో పెద్దపేగు చాలావరకు ఊరుకుంటుంది. మెలకువ రాగానే కదలిక మొదలవుతుంది, కడుపులో ఆహారం పడగానే ఇంకా పెరుగుతుంది. మలాన్ని పెద్ద దూరం తోసే బలమైన అలలు రోజుకు కొన్నిసార్లే వస్తాయి. ఉదయపు ఆహారం తరువాతి అరగంట వాటికి అనువైన సమయం. కొందరికి కాఫీ కూడా ఈ కదలికను పెంచుతుంది. అందుచేత రేపటి నుంచి ఉదయం ఏదైనా తిన్న అరగంటలోపు వెళ్లి కూర్చోండి. పిలుపు లేకపోయినా కూర్చోండి. ఐదు నిమిషాలు, మహా అయితే పది. రాకపోతే ముక్కకుండా లేచి వచ్చేయండి, ఆ రోజుకు మీ సాధన పూర్తయినట్టే. ఫోను మాత్రం బయటే ఉండాలి. దానితో ఐదు నిమిషాలు అరగంటవుతుంది, అంతసేపు కూర్చుంటే మలద్వారం చుట్టూ ఉన్న రక్తనాళాల మీద ఒత్తిడి పెరిగి మొలలకు దారి తీయవచ్చు. మిగతా రోజంతా నియమం ఒక్కటే: పిలుపు వచ్చిందా, వెళ్లండి.

ఇక పీట. ఒక తువ్వాలును స్తంభం వెనక నుంచి చుట్టి, రెండు కొసలూ పట్టుకుని ముందుకు లాగుతున్నట్టు ఊహించుకోండి. పురీషనాళం చుట్టూ సరిగ్గా అలాంటి కండరం ఒకటి ఉంది. దాని రెండు కొసలూ ముందువైపు కటి ఎముకకు అతుక్కుని ఉంటాయి. మనం నిలబడినా, మామూలుగా కూర్చున్నా అది పురీషనాళాన్ని ముందుకు లాగి, దారిని దాదాపు లంబకోణంలో వంచి ఉంచుతుంది. మనకు తెలియకుండా మలం జారిపోకపోవడానికి ఆ వంపు కూడా ఒక కారణం. గొంతుక్కూర్చున్నప్పుడు ఆ కండరం వదులై వంపు విచ్చుకుంటుంది. కుర్చీ తరహా కమోడ్ మీద అదే స్థితి రావాలంటే పాదాల కింద జానెడు ఎత్తు పీట కావాలి. మోకాళ్లు తుంటి కీళ్ల కంటే పైకి రావాలి. పాదాలు పీట మీద పూర్తిగా ఆనాలి, మునివేళ్ల మీద కాదు. మోచేతులు తొడల మీద ఆనించి, వెన్ను గూనిగా వంచకుండా తుంటి దగ్గర నుంచి ముందుకు వంగండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు తక్కువ ఎత్తు పీటతో సరిపెట్టుకోవచ్చు.

అన్నిటికన్నా కష్టమైనది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, ఊపిరి. ఊపిరి బిగపట్టి ముఖం ఎర్రబడేలా ముక్కేటప్పుడు చాలామంది కిందనున్న బయటి వలయాన్ని కూడా తెలియకుండానే బిగిస్తారు. పైనుంచి తోస్తూ కింద తలుపు మూస్తున్నామన్నమాట. పైగా అలా బిగపట్టడం వల్ల రక్తపోటు ఒక్కసారిగా పెరిగి పడుతుంది, గుండె జబ్బున్నవాళ్లకు అది ప్రమాదం.

ఈ సాధన మొదట గదిలో కుర్చీ మీదే చేయండి. ఒక అరచెయ్యి బొడ్డు కింద, రెండోది నడుము పక్కన ఆనించండి. అపానవాయువు ఆపుకుంటున్నట్టు ఒక్కసారి మెల్లగా బిగించి, మూడు లెక్కపెట్టి వదలండి. వదిలినప్పుడు కింద ఏదో జారి దిగినట్టు తెలుస్తుంది. మనకు కావలసింది ఆ దిగడమే. దాన్ని గుర్తుపట్టడానికి మూడుసార్లు చేస్తే చాలు, బిగింపును వ్యాయామంలా పెంచకండి. తరువాత ముక్కుతో ఊపిరి తీసుకోండి. పొట్ట ముందుకు, నడుము పక్కలకు విచ్చుకోవడం చేతులకు తెలియాలి. ఆ విచ్చుకున్న పొట్టను లోపలికి పోనివ్వకుండానే పెదవులు గుండ్రం చేసి ‘ఊఁ’ అని నెమ్మదిగా ఊపిరి వదలండి. చేతుల కింద పొట్ట గట్టిగా, వెడల్పుగా ఉండాలి, కింద మాత్రం ఇందాకటి దిగడం కొనసాగాలి. మొదటి రోజు ఇది అందదు. నాలుగైదు రోజులు రాత్రి పడుకునేముందు చేస్తే అందుతుంది. అప్పుడు పీట మీద కాళ్లు పెట్టి ఉదయం అదే చేయండి, పిలుపు ఉన్నప్పుడు మాత్రమే.

ఇక్కడ ఒక భయం గురించి చెప్పాలి. రోజూ అవకపోతే ఒళ్లంతా విషం ఎక్కుతుందని చాలామంది నమ్ముతారు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో అర్బత్‌నాట్ లేన్ అనే ప్రసిద్ధ శస్త్రచికిత్స నిపుణుడు ఇదే నమ్మకంతో ఎందరికో పెద్దపేగు తీసేశాడు. ఆ సిద్ధాంతం తరువాత నిలవలేదు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకు, ఇబ్బంది లేకుండా అవుతుంటే అది మామూలే. విషం భయమే పిలుపు లేని పూట మనల్ని ముక్కిస్తుంది.

ఈ సాధనతో మాత్రమే తీరని కారణాలూ ఉన్నాయి. ఐరన్ మాత్రలు, మార్ఫిన్ జాతి నొప్పి మందులు, రక్తపోటుకు ఇచ్చే వెరాపమిల్ వంటివి మలబద్ధకం తెస్తాయి. థైరాయిడ్ మందగించడం, మధుమేహం, పార్కిన్సన్స్ వ్యాధి కూడా తెస్తాయి. మందులు మీ అంతట మీరు మానకండి, డాక్టరును అడగండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నలభై ఐదు యాభై ఏళ్లు దాటాక కొత్తగా మారిన అలవాటు, దగ్గరి బంధువుల్లో పెద్దపేగు క్యాన్సర్: వీటిలో ఏది ఉన్నా పాఠం పక్కన పెట్టి ముందు పరీక్ష చేయించుకోండి. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి.

ఆరేడు వారాలు శ్రద్ధగా చేసినా గుమ్మం తెరుచుకోకపోతే నిరాశపడకండి. జీర్ణకోశ వైద్యులు మలద్వార కండరాల ఒత్తిడిని కొలుస్తారు, నీళ్లు నింపిన చిన్న బెలూన్‌ను మీరు బయటికి నెట్టగలరో లేదో చూస్తారు. తోసేటప్పుడు వలయం బిగుస్తోందని తేలితే, తెర మీద మీ కండరాల కదలికను మీకే చూపిస్తూ వదలడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ ఉంది. ఈ రకం బాధకు అది విరేచనకారి మందుల కన్నా బాగా పనిచేస్తుంది.

పుస్తకంలో ఈ వారం నుంచి రెండు గడులు కొత్తగా గీయండి. ఒకటి, పిలుపు వచ్చిందా. రెండు, వచ్చిన ఎన్ని నిమిషాలకు వెళ్లారు. మూడు వారాల తరువాత నాలుగో పాఠంలో పీచు మొదలుపెడతాం. అందాకా తిండిలో మార్పేమీ చేయకండి, చేస్తే ఏది పనిచేసిందో మీ పుస్తకం చెప్పలేదు.