కొత్త ప్లాస్టర్ పూల్: మొదటి 28 రోజులు నీళ్లను ఎలా చూసుకోవాలి

ఈత కొలను (పూల్) గోడలకూ, అడుగుకూ వేసిన కొత్త సిమెంటు ప్లాస్టర్ పైకి ఆరినట్టే కనిపిస్తుంది. లోపల సిమెంటు గట్టిపడటానికి మాత్రం దాదాపు 28 రోజులు పడుతుంది. అంతవరకూ దానిలోంచి సున్నం నీళ్లలోకి ఊరుతూనే ఉంటుంది. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) తనంతట తానే ఎగబాకడానికీ, గోడల మీద తెల్లపొడి పేరుకోవడానికీ కారణం అదే.

నింపబోయే నీళ్లను ముందే పరీక్షించండి: కాల్షియం హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం), ఆల్కలినిటీ (పీహెచ్ మార్పును అడ్డుకునే క్షార గుణం), ఇనుము. అన్నిటికన్నా ప్రమాదం సున్నం తక్కువున్న నీళ్లతోనే. ఆ లోటును అవి ప్లాస్టర్‌ను కరిగించి పూడ్చుకుంటాయి, ఉపరితలం గరుకెక్కిపోతుంది. 28 డిగ్రీల వేడిలో పీహెచ్ 7.5, ఆల్కలినిటీ 80, కాల్షియం 250 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో) ఉంటే, నీళ్లు సున్నాన్ని కరిగిస్తాయో పేరుస్తాయో చెప్పే లాంజిలియర్ సూచిక దాదాపు సున్నా, అంటే నీళ్లు ప్లాస్టర్‌ను తినవు, దాని మీద సున్నపు పొర కట్టవు. మిగతావేవీ మారకుండా కాల్షియం ఒక్కటే 50కి పడిపోతే సూచిక మైనస్ 0.7కి దిగుతుంది, అంటే నీళ్లు ప్లాస్టర్‌ను తింటాయి.

నింపడం మొదలుపెట్టాక ఆపకండి. మధ్యలో ఆపితే నీటి మట్టం దగ్గర గీత పడిపోతుంది. గొట్టం చివర శుభ్రమైన గుడ్డ చుట్టి, అన్నిటికన్నా లోతైన చోట పెట్టండి. లేకపోతే ధార తగిలినచోట పచ్చి ప్లాస్టర్ కోసుకుపోతుంది. స్కిమ్మర్ (పైన తేలే చెత్తను లాగే, గోడలోని పెట్టె) నోరు సగం మునిగేదాకా ఎవరూ లోపలికి దిగకూడదు.

నిండగానే పంపు వేసి కనీసం మూడు రోజులు ఆపకుండా నడపండి. హీటర్ మాత్రం పొడి పూర్తిగా పోయేదాకా వద్దు. నీళ్లలో ఇనుముంటే లోహాలను పట్టి ఉంచే సీక్వెస్టరెంట్‌ను మొదటి రోజే కలపాలి, మరక పడ్డాక కలిపితే లాభం తక్కువ.

మోతాదులు 50,000 లీటర్ల లెక్కన ఇవి. ఆల్కలినిటీని 10 పీపీఎం తగ్గించడానికి 31 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక లీటరు, పెంచడానికి వంటసోడా 840 గ్రాములు. కాల్షియం 10 పీపీఎం పెరగడానికి 77 శాతం కాల్షియం క్లోరైడ్ 720 గ్రాములు. మొదటి రోజే ఆల్కలినిటీని 80 దగ్గరికి, కాల్షియాన్ని కనీసం 150కి తేవాలి. నెల పూర్తయ్యేలోగా కాల్షియం 200 దాటాలి. ఆల్కలినిటీ 120 ఉంటే నాలుగు లీటర్ల యాసిడ్ కావాలి, కానీ ఒక్కసారే పోయకండి. సగం పోసి, కొన్ని గంటలు నీళ్లు తిరిగాక మళ్లీ పరీక్షించి మిగతాది పోయండి. బకెట్ నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోస్తే చిమ్ముతుంది. కాల్షియం క్లోరైడ్ కరిగేటప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి దాన్నీ నీళ్లలోకే కొద్దికొద్దిగా వేయాలి. యాసిడ్, క్లోరిన్ ఒకే బకెట్‌లో కలిశాయంటే విషవాయువు పుడుతుంది.

తర్వాత రోజూ పీహెచ్ చూసి 7.2, 7.6 మధ్య నిలపండి. ఈ నెలలో చాలామంది పొరబడేది ఇక్కడే: నాలుగు రోజులు వదిలేసి, పీహెచ్ 8.2 దాటాక ఒకేసారి ఎక్కువ యాసిడ్ పోస్తారు. అప్పటికే కరిగి ఉన్న కాల్షియం పొడిగా దిగిపోయి ఉంటుంది, ఆపై గాఢమైన యాసిడ్ అడుగుకు చేరి ప్లాస్టర్‌ను తినేస్తుంది. రోజూ కొంచెం పోయడమే మేలు.

రోజుకు రెండుసార్లు నైలాన్ బ్రష్‌తో గోడలూ, అడుగూ అంతా తోమండి. స్టీల్ బ్రష్ వద్దు. కనీసం రెండు వారాలు ఇలా చేయాలి, అప్పటికీ పొడి లేస్తుంటే ఇంకా కొనసాగించాలి. తోమకుండా వదిలేసిన పొడి గట్టిపడితే తర్వాత బ్రష్‌కి రాదు. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పటి పీడనం కన్నా 8 నుంచి 10 పీఎస్‌ఐ (పీడనం కొలమానం) పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లను ఫిల్టర్‌లోంచి వెనక్కి పంపి కడగండి.

క్లోరిన్ నాలుగో రోజున మొదలుపెట్టి 1.5 నుంచి 3 పీపీఎం ఉంచండి. క్లోరిన్ మాత్రలు నేరుగా పూల్‌లో వేయకండి, పడ్డచోట ప్లాస్టర్ రంగు పోతుంది. ఎండ తగిలే పూల్‌కి స్టెబిలైజర్ (క్లోరిన్ ఎండకు పోకుండా కాపాడే మందు) 30 పీపీఎం చాలు, అంటే 50,000 లీటర్లకు 1.5 కిలోలు. నీళ్లలో ఉప్పు కలపడం, చక్రాలున్న వాక్యూమ్ వాడటం 28 రోజులు దాటాకే.