కాలిఫోర్నియాలో దివ్యాంగుల పార్కింగ్ పర్మిట్: ఎవరు అర్హులు, ఎలా పొందాలి

చక్రాల కుర్చీలో ఉన్నవారికి మాత్రమే దివ్యాంగుల పార్కింగ్ పర్మిట్ ఇస్తారన్న అభిప్రాయం మనవాళ్లలో బలంగా ఉంది. అందువల్ల కాలిఫోర్నియాలో పిల్లల దగ్గర ఉంటున్న ఎందరో పెద్దవాళ్లు, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చే స్థితిలో ఉండి కూడా, దుకాణం ముందున్న నీలిరంగు గుర్తు తమకోసం కాదనుకుని పార్కింగ్ చివరి నుంచి నడిచి వస్తుంటారు. నిజానికి అర్హుల జాబితా వారనుకునే దానికన్నా చాలా విశాలమైనది.

నడకను, కదలికను గణనీయంగా దెబ్బతీసే ఏ రుగ్మత ఉన్నా దరఖాస్తు చేసుకోవచ్చు. గుండె లేదా రక్తప్రసరణకు సంబంధించిన జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, కాళ్ల కదలికను పరిమితం చేసే వ్యాధి, నిర్ధారిత దృష్టిలోపం, ఒక కాలుగానీ రెండు చేతులుగానీ లేకపోవడం లేదా పనిచేయకపోవడం ఇందులోకి వస్తాయి. పైకి ఆరోగ్యంగా కనిపించే హృద్రోగికి కూడా ఈ హక్కు ఉంటుంది కనుక, అటువంటివారు కారు దిగి నడిచి వెళ్తుంటే అనుమానంగా చూడటం అన్యాయం. అయితే వయసు పైబడటం ఒక్కటే అర్హత కాదు.

శాశ్వత వైకల్యం ఉన్నవారికి నీలిరంగు ప్లకార్డు, అంటే కారు అద్దానికి తగిలించే పర్మిట్ కార్డు, ఉచితంగా ఇస్తారు. దాని గడువు బేసి సంవత్సరాల్లో జూన్ 30తో ముగుస్తుంది. మోకాలి మార్పిడి శస్త్రచికిత్స వంటివాటి తర్వాత కొద్దికాలం అవసరమయ్యేవారికి ఎర్ర ప్లకార్డు ఉంది. దానికి 6 డాలర్ల రుసుము, గరిష్ఠంగా 180 రోజుల గడువు. శస్త్రచికిత్స తేదీ ఖరారు కాగానే వైద్యుడిని అడిగి దరఖాస్తు సిద్ధం చేసుకోవడం మేలు, ఎందుకంటే దాని అవసరం ఎక్కువగా ఉండేది ఇంటికొచ్చిన తొలి వారాల్లోనే. శాశ్వత వైకల్యంతో ఇతర ప్రాంతాల నుంచి వచ్చే సందర్శకులకు 90 రోజులకు మించని ప్రయాణ ప్లకార్డు ఇస్తారు.

దరఖాస్తు పత్రం పేరు ఆర్‌ఈజీ 195. మొదటి భాగం మనం నింపాలి, వైద్య ధ్రువీకరణ భాగాన్ని వైద్యుడు, ఫిజీషియన్ అసిస్టెంట్ లేదా నర్స్ ప్రాక్టీషనర్ నింపి సంతకం చేయాలి. దృష్టిలోపమైతే ఆప్టోమెట్రిస్టు కూడా చేయవచ్చు. మన రాష్ట్రాల్లో ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఈ సంతకానికి బదులు కాదు, ఆర్‌ఈజీ 195లో వైకల్య శాతం అడగరు కూడా. అయినా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తీయించిన ఎక్స్‌రేలు, పాత రిపోర్టులు వెంట తీసుకెళ్తే ఇక్కడి వైద్యుడికి పరిస్థితి త్వరగా అర్థమవుతుంది. “మోకాళ్లు నొప్పులండీ” అని ఊరుకోకుండా, ఎంత దూరం నడిచాక ఆగాల్సి వస్తోందో, మెట్లెక్కగలరో లేదో స్పష్టంగా చెప్పమని పెద్దవాళ్లకు ముందే చెప్పాలి, ఎందుకంటే మొహమాటంతో “బాగానే ఉన్నాను” అనేయడం వారికి అలవాటు. పూర్తయిన పత్రాన్ని రాష్ట్ర వాహనాల శాఖ అయిన డీఎంవీకి పోస్టులో పంపవచ్చు, లేదా స్వయంగా కార్యాలయంలో ఇవ్వవచ్చు.

ప్లకార్డు మనిషిది, కారుది కాదు. ఆ మనిషి ప్రయాణిస్తున్న ఏ కారులోనైనా దాన్ని వాడవచ్చు. నాన్నగారిని ఇంట్లో దింపి, ఆయన ప్లకార్డుతో కొడుకు సరుకులకు వెళ్లడం మాత్రం నేరం, జరిమానా 250 నుంచి 1,000 డాలర్ల వరకు పడవచ్చు. ఆగినప్పుడు లోపలి అద్దానికి తగిలించి, బండి నడిపేటప్పుడు తీసేయాలి. ప్లకార్డు ఉంటే నీలి స్థలాల్లోనే కాక, ఆకుపచ్చ రంగు వేసిన రోడ్డు అంచు దగ్గర సమయపరిమితి లేకుండా, వీధి పార్కింగ్ మీటర్ల వద్ద రుసుము లేకుండా ఆపుకోవచ్చు. ఎరుపు, పసుపు, తెలుపు అంచులకు ఇది వర్తించదు.

నీలి గడి పక్కన అడ్డగీతలతో ఉండే ఖాళీ చోటులో ప్లకార్డు ఉన్నవారు కూడా ఆపకూడదు. వ్యాను పక్కతలుపు తెరుచుకుని, ర్యాంపు కిందికి దిగి, చక్రాల కుర్చీ దాని మీదుగా వచ్చి మలుపు తిరగడానికి ఆ చోటంతా కావాలి. ఎవరైనా “రెండు నిమిషాలేగా” అని కారు పెడితే, వ్యానులోని మనిషి దిగలేక, దిగి ఉంటే మళ్లీ ఎక్కలేక అక్కడే ఉండిపోతారు.

శాశ్వత ప్లకార్డు గడువు తీరేలోపు కొత్తది ఇంటికే పోస్టులో వస్తుంది. ఆరేళ్లకోసారి మాత్రం డీఎంవీ పంపే నోటీసుకు సంతకంతో జవాబివ్వాలి, అందుకు మళ్లీ వైద్యుడి ధ్రువీకరణ అక్కర్లేదు. ఇల్లు మారినప్పుడు పిల్లలు తమ లైసెన్సుతోపాటు పెద్దవాళ్ల ప్లకార్డు చిరునామాను కూడా మార్పించాలి, లేకపోతే ఆ నోటీసు పాత ఇంటికే వెళ్తుంది.