ఎల్‌ఈడీ లైట్లు ఊరికే పోతున్నాయా? డ్రైవర్ డబ్బా చూడండి
కడప ఎండలకు మిద్దె రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంటుంది. ఫాల్స్ సీలింగ్ పైన ఎల్‌ఈడీ డ్రైవర్ డబ్బా (ఇంటి కరెంటును లైటుకు సరిపడేలా మార్చేది) ఆ స్లాబుకే ఆనుకుని ఉంటే, లోపల కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్ అనే చిన్న భాగం ఉబ్బి లైటు మినుకుమంటుంది. మా హాల్లో విప్పి చూస్తే తెల్లటి మూత పసుపు రంగుకు తిరిగి, అంచున మాడి ఉంది. పది డిగ్రీల వేడి పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది మరి.

మెయిన్ ఆపి, డ్రైవర్ చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ ఉండేలా పెట్టించండి. కొత్తది కొంటే మిల్లీ ఆంపియర్ల అంకె పాతదానితో సరిపోవాలి. 300 ఉన్నచోట 450 పెడితే వెలుగు పెరుగుతుంది గానీ ఎల్‌ఈడీలు మాడిపోతాయి.

లైట్ల లైనుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) చాలు. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని 16ది మాత్రం వేయించొద్దు, వైరు వేడెక్కినా అది ట్రిప్ కాకపోవచ్చు.