అలంపురం పోయేటోళ్ళు అమ్మవారి దర్శనం అయిపోగానే బండెక్కకండి

మన దగ్గర చానామంది అలంపురం పోతరు, జోగులాంబ అమ్మవారి దర్శనం చేసుకుంటరు, ప్రసాదం తీసుకొని మళ్ళీ హైవే మీది చౌరస్తాకి వచ్చేస్తరు. పక్కనే 1300 ఏళ్ళ నాటి గుళ్ళు, తుంగభద్ర ఒడ్డు ఉన్నా అటు తొంగి కూడా చూడరు, అది నాకు చాలా బాధనిపిస్తది, అందుకే ఎట్ల తిరగాలో రాస్తున్నా.

ముందు టైం సంగతి. పొద్దున్నే చేరుకోండి. గుళ్ళల్లో చెప్పులు విడిచి తిరగాలి కదా, ఎండాకాలం పది దాటితే రాళ్ళు కాలుతయ్, పిల్లలు ఏడుస్తరు. వానాకాలం చివర్ల నుంచి సంక్రాంతి దాకా బెస్ట్, నదిలో నీళ్ళుంటయ్, చుట్టూ పచ్చగా ఉంటది.

దర్శనం అయినంక నవబ్రహ్మ గుళ్ళకి పోండి. పేరు బ్రహ్మ అని ఉన్నా తొమ్మిదీ శివుడి గుళ్ళే, బాదామి చాళుక్యులు కట్టించినవి. అన్నీ ఒక్కలాగే ఉన్నయ్ అని ఫోన్ తీసి నాలుగు ఫోటోలు కొట్టి వచ్చేయకండి, ముందు తల పైకెత్తి శిఖరాలు చూడండి. గుండ్రంగా వంపు తిరిగి పైకి పోయి, పైన ఉసిరికాయ లాంటి గీతల రాయి ఉంటది, ఇది ఉత్తరాది పద్ధతి, మన దిక్కు గుళ్ళల్లో ఎక్కువ కనపడదు. తారక బ్రహ్మ ఒక్కటే వేరే, దానికి దక్షిణాది లెక్క అంతస్తుల శిఖరం. టైం తక్కువుంటే స్వర్గ బ్రహ్మ మాత్రం అస్సలు వదలొద్దు, చాళుక్య రాజు వినయాదిత్యుడి కాలంది, దాని గోడల మీద శిల్పాలు ఒక్కోటి దగ్గరికి పోయి చూడాలి, చుట్టూ ఒక రౌండ్ కాదు రెండు రౌండ్లు వేయండి. పూజలు జరిగేది బాల బ్రహ్మలో. 1390లో పాత అమ్మవారి గుడి ధ్వంసం అయితే అమ్మవారిని ఇక్కడే పెట్టి కొలిచిన్రు, ఇప్పుడున్న కొత్త గుడి 2005లో పూర్తయింది.

గుళ్ళ మధ్య గడ్డి, చెట్ల నీడ ఉంటది, పెద్దోళ్ళని అక్కడ కూర్చోబెట్టి మీరు తిరిగి రావచ్చు. తినుకుంటూ ప్లాస్టిక్ కవర్లు మాత్రం అక్కడ పడేయకండి దయచేసి. మ్యూజియం కూడా పక్కనే, పాత శిల్పాలు బాగుంటయ్.

తర్వాత నది. ఘాట్ మెట్ల మీద నాచు ఉంటది, నీళ్ళు ఎక్కువున్నప్పుడు లోపలికి దిగకండి, మెట్ల మీదే కూర్చొని చూడండి చాలు.

ఊరి నుంచి కొంచెం దూరంలో పాపనాశి గుళ్ళు ఉన్నయ్, 20కి పైగా చిన్న చిన్న గుళ్ళు ఒక్క చోట. శ్రీశైలం డ్యామ్ నీళ్ళల్లో మునిగిపోతయని రాయి రాయి విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన్రు. సంగమేశ్వర గుడి కూడా కూడవెల్లి అనే ఊరి నుంచి అట్లనే తెచ్చిందే. పాపనాశి దగ్గర జనం తక్కువ, నాకైతే అన్నిట్ల ఇదే ఇష్టం, ఆటో మాట్లాడుకొని పోండి, తిరిగొచ్చేదానికి కూడా ముందే మాట్లాడుకోండి, అక్కడ దొరకవు.

రైల్లో వస్తే జోగులాంబ హాల్ట్‌లో దిగాలి, అన్ని రైళ్ళూ ఆగవు, చూసుకొని టికెట్ తీయండి. సొంత బండి ఉన్నోళ్ళు హైదరాబాద్ దిక్కు వాపసు పోయేటప్పుడు మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు చూసుకొని పోండి. ఊడలు పట్టుకొని ఊగనీయకండి పిల్లల్ని, 2018లో చెదలు పట్టి కొమ్మలు పడిపోతుంటే సెలైన్ బాటిళ్ళతో మందు ఎక్కించి కాపాడుకున్న చెట్టు అది.