స్ట్రాప్‌లెస్ గౌనుకు నెట్ యోక్, చేతులు కుట్టే పద్ధతి

రిసెప్షన్‌కో, చర్చిలో పెళ్లికో తీసుకున్న స్ట్రాప్‌లెస్ (భుజాల మీద పట్టీలు లేని) గౌనుకు భుజాలు కప్పేలా నెట్ యోక్ (మెడ నుంచి గౌను పైఅంచు దాకా వచ్చే ముక్క), చేతులు పెట్టడం బ్లౌజు చక్కగా కుట్టగలిగినవాళ్లకు కష్టమేమీ కాదు. ఒక్క సంగతి గుర్తుంటే చాలు. ఈ గౌను భుజాల మీద ఆగేది కాదు, నడుము మీదా బోన్ల (లోపల నిలువుగా కుట్టిన గట్టి పుల్లల) మీదా ఆగేది. యోక్ ఒంటిని కప్పాలి గానీ గౌను బరువు మొయ్యకూడదు. జారిపోయే గౌనును యోక్‌తో ఎత్తి నిలబెట్టాలని చూస్తే నెట్ భుజాల దగ్గర సాగిపోతుంది, కుట్టు వెంబడి చిరుగుతుంది.

అందుకే ముందు నడుము పట్టీ. అంగుళం వెడల్పున్న గట్టి రిబ్బన్‌ను గౌను లోపల సరిగ్గా నడుము దగ్గర పెట్టి, పక్క కుట్ల దగ్గర, బోన్ల దగ్గర లైనింగ్‌కు చేత్తో కుట్టండి. జిప్పు వైపు రెండు కొసలూ వదిలేసి హుక్కులు వెయ్యండి. వేసుకునేటప్పుడు ముందు ఈ పట్టీ, తర్వాత జిప్పు. అప్పటికీ ఛాతీ దగ్గర పైఅంచు వదులుగా ఉంటే పక్క కుట్లలో తగ్గించాలి. యోక్ కొలతలు ఆ తర్వాతే.

44 అంగుళాల పన్నా నెట్ ఒకటిన్నర మీటరు తీసుకుంటే రెండు పొరల యోక్, ఒంటి పొర ముప్పావు చేతులు వస్తాయి. రంగు గౌనుదే ఉండాలి. ఒంటి రంగు నెట్ వేస్తే ఫొటోల్లో భుజాలు కప్పుకోనట్టే కనిపిస్తుంది, అంత శ్రమా వృథా. మ్యాచింగ్ సెంటర్‌కు గౌను పట్టుకెళ్లి పగటి వెలుతురులో చూడండి. తెలుపుకూ ఐవరీకీ తేడా ట్యూబులైటు కింద తెలియదు.

నెట్ కోసే ముందు పాత లైనింగ్ గుడ్డతో నమూనా చెయ్యండి. సరిపోయే బోట్ నెక్ బ్లౌజును పరిచి భుజం, మెడ, చంక గీయండి. గౌను వేసుకుని, ఆ రోజు తొడిగే లోదుస్తులతోనే, నమూనాను భుజాల మీద పిన్ను చేసి, గౌను పైఅంచు ఎక్కడికి వచ్చిందో చాక్‌తో గుర్తు పెట్టండి. ఆ గీత కింద ఒక అంగుళం, మెడకు అర అంగుళం ఖర్చు (కుట్టులోకి పోయే గుడ్డ) వదలండి.

ఎక్కువమంది పని చెడేది చంక దగ్గర. స్ట్రాప్‌లెస్ గౌను పైఅంచు చంక కింద చాలా దిగువగా ఉంటుంది. చేతిని ఆ అంచుకే అతికిస్తే చంక అక్కడికి దిగిపోతుంది, చెయ్యి ఎత్తగానే గౌను మొత్తం పైకి లేస్తుంది. చంక లోతు పెంచితే చెయ్యి ఆడుతుందనుకోవడం పొరపాటు. లోతు తగ్గితేనే ఆడుతుంది. కాబట్టి యోక్‌ను పక్కలకు కూడా పొడిగించి, చంక గీత అసలు చంకకు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం కిందే ఉండేలా కొయ్యండి. సాగని నెట్ అయితే దండ (మోచేతికి పైభాగం) చుట్టుకొలతకు ఒకటిన్నర అంగుళం వదులు ఇవ్వండి.

నెట్‌కు 9 లేదా 11 నంబరు సూది. భుజం కుట్టు బయటికి కనిపిస్తుంది గనుక కొసలు లోపలికి పోయేలా ఫ్రెంచ్ కుట్టు వెయ్యండి. మెడకు శాటిన్ క్రాస్ పట్టీతో (గుడ్డను ఏటవాలుగా కోసిన పట్టీతో) సన్నని పైపింగ్ వేస్తే మెడ సాగదు.

యోక్‌ను గౌనుకు కలిపేటప్పుడు మిషన్ వద్దు. శాటిన్‌లో సూది దిగిన చోట రంధ్రం నిలిచిపోతుంది, విప్పినా పోదు. యోక్ కింది ఖర్చును గౌను లోపలికి పెట్టి ముందు కచ్చా కుట్టు వేసి, తొడిగి చూసి, అప్పుడు లైనింగ్‌కు మాత్రమే పట్టేలా చేత్తో దగ్గర దగ్గరగా వెనక కుట్టు (బ్యాక్ స్టిచ్) వెయ్యండి. ఛాతీ మధ్య నెట్ భుజం నుంచి కిందికి బిగిసి లాగుతుంటే భుజం పొడవు చాలలేదని అర్థం. భుజం కుట్టు విప్పి పావు అంగుళం వదలండి.

వెనక జిప్పు ఉంటే యోక్ కూడా వెనక మధ్యలో పూర్తిగా తెరుచుకోవాలి. అంగుళానికో చిన్న గుండీ, దారపు లూపు చాలు. జిప్పు పక్కన ఉంటే మెడ వెనక అయిదు అంగుళాల చీలిక ఇచ్చి, జిప్పును చంక దాకా పొడిగించండి, లేకపోతే తల దూరదు. వెనక తాళ్లతో బిగించే గౌనైతే తాళ్ల కింద ఆరేడు అంగుళాల వెడల్పున రెండు పొరల శాటిన్ ముక్క పెట్టి, ఒక వైపు కుట్టి రెండో వైపు హుక్కులు వేస్తే వీపు కనిపించదు.

అద్దె గౌనుకు ఇవేవీ చెయ్యకండి. అదే నెట్‌తో విడిగా బొలెరో (ముందు తెరిచి ఉండే పొట్టి కోటు) కుట్టి పైన వేసుకోవచ్చు.

ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలితే నెట్ కరుగుతుంది. పైన నూలు గుడ్డ పరిచి తక్కువ వేడి మీద ఒత్తండి.